ఇంట్లో అల్పపీడనం

ఆ ఆదివారం పొద్దున జాగ్రఫీ మేష్టారు పెట్టుకున్న పని ఒక్కటే. అత్తగారు వచ్చేలోగా ఇల్లు పొడిగా ఉండాలి. ముసురు పట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో తువ్వాళ్లు ఆరడం మానేశాయి, డబ్బాలో ఉప్పు గడ్డకట్టింది, బీరువా వెనక గోడకి నల్లటి బూజు పట్టింది. బూజుని సబ్బునీళ్లతో తోమేశారు. గాల్లో చెమ్మ లాగేస్తుందని రాత్రంతా ఏసీ వేసి ఉంచారు. అయినా గుండె దడ మాత్రం తగ్గలేదు.

దడకి కారణం తోడల్లుడు. ఆయన ఏసీల డీలరు. అత్తగారు ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో ఉండి, బయటికొచ్చాక ఆయన ఇంట్లోనే ఉంటోంది. దగ్గు ఎంతకీ తగ్గడం లేదు. ఈమధ్య మేష్టారి భార్య, అమ్మని కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానని పట్టుబట్టింది. తోడల్లుడు ఫోనులోనే తీర్పు చెప్పేశాడు.

"చూడు తమ్ముడూ, మీది చెమ్మ కొంప. గాలి ఎంత చెడిందో చెప్పే మీటరు పట్టుకొస్తా. ఎర్ర లైటు వెలిగిందా, అత్తయ్యగార్ని వచ్చిన కారులోనే వెనక్కి తీసుకుపోతా."

భార్య తీర్పు ఇంకా చిన్నది. "మా అమ్మ గుమ్మంలోంచి వెనక్కెళ్తే, ఆ కారులో ఇంకో సీటుంటుంది, గుర్తుపెట్టుకోండి."

మేష్టారు స్నానం చేసి వచ్చేసరికి భార్య కిటికీలన్నీ బార్లా తెరిచేసింది. ఇంటికి గాలి ఆడాలని ఆవిడ ఉద్దేశం. బయటి గాలి నిండా నీరే, లోపల రాత్రంతా ఏసీకి గడ్డకట్టుకుపోయిన నేల. చూస్తుండగానే గచ్చుకి చెమటలు పట్టాయి.

"ఏమండీ, పైపు పగిలిందండీ!"

"పైపు కాదే, కిటికీలు! ముందు మూసెయ్!"

ఆవిడ కంగారులో తడిగుడ్డతో తుడవబోయి ఉన్న తడిని రెండింతలు చేసింది. మేష్టారు కిటికీలు మూసి గడియలు బిగించారు. లోపలికొచ్చిన తేమని బయటికి తోలడానికి వంటింట్లో ఒకటి, బాత్‌రూములో ఒకటి ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండూ వేసేశారు. అవి మహా జోరుగా తిరిగాయి. మేష్టారు నడుం మీద చేతులు వేసుకుని, ఇక పర్వాలేదనుకున్నారు.

అనుకున్నంతసేపు పట్టలేదు, ఘాటు మొదలవడానికి. కింది వాటాలో ఎవరో ఎండుమిరపకాయలు వేయించుకుంటున్నారు. రోజూ మెట్ల మీంచి ఎటో పోయే పొగ, ఆ రోజు మాత్రం పిలిచినట్టు వీధి తలుపు కింది సందులోంచి నేరుగా వీళ్లింట్లోకి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ పోటీలు పడి తుమ్మారు.

"అమ్మ వచ్చే వేళకే వేయించాలా వీళ్లు! ఏదో ఒకటి చెయ్యండీ!" అంది భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

మేష్టారు తలుపు కింద దుప్పటి కుక్కారు. చుట్టూ ఉన్న సందులకి పార్సెళ్లకి వాడే టేపు అంటించారు. ఫ్యాన్లు ఆగిపోయాయేమోనని చూసి, లేదు, తిరుగుతూనే ఉన్నాయని సంతోషించారు. అప్పుడు బాత్‌రూములో నీళ్లు పోయే తూము గుడగుడమంది. ఆ వెంటనే వచ్చిన వాసన గురించి రాయకపోవడమే మర్యాద.

మేష్టారు తూము మీద బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చున్నారు. కూర్చున్నాక గాని బుర్ర పని చెయ్యలేదు. ఫ్యాన్లు గాలిని బయటికి తోస్తున్నాయి. ఇంట్లో గాలి పలచబడింది. పలచబడ్డ చోటికి చుట్టుపక్కల గాలి ఉరికి వస్తుంది. సర్వీసంతా పిల్లల చేత అల్పపీడనం పాఠం బట్టీ పట్టించిన మనిషి, తన కొంపలో తనే ఒకటి తయారు చేసుకుని దాని మధ్యలో బకెట్టు మీద కూర్చున్నాడు!

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

"వచ్చేశారండీ!" భార్య తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"తలుపు తియ్యకు! ఆవిడ ఇప్పుడు లోపలికి రాకూడదు!" అని మేష్టారు బాత్‌రూములోంచి అరిచారు.

ఆ అరుపు తలుపు దాటి వినపడింది. బయట్నుంచి అత్తగారి గొంతు మెల్లగా వినిపించింది. "పెద్దల్లుడుగారూ, పదండి వెళ్లిపోదాం. వాళ్లకి ఇబ్బందిగా ఉన్నట్టుంది."

మేష్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. ఫ్యాన్లు ఆపి, ఏడుస్తున్న భార్యని కిటికీలు తెరవమని చెప్పి, టేపుని గోళ్లతో పీకి, దుప్పటి తన్నేసి మెట్ల మీదికి పరిగెత్తారు. అత్తగారు అప్పటికే సగం మెట్లు దిగి, కమ్మీ పట్టుకుని నిలబడింది. కళ్లల్లో నీళ్లున్నాయి.

"అత్తయ్యగారూ, మీరు రాకూడదని కాదండీ. మీరు వచ్చి ఈ గాలి చూసి, వెళ్లిపోతారేమోనని భయం. పొద్దుట్నుంచీ ఆ భయంతోనే చస్తున్నాను," అన్నారు మేష్టారు ఏమీ దాచుకోకుండా.

ఆవిడ అల్లుణ్ణి పైనించి కిందిదాకా చూసింది. చొక్కాకి బారెడు టేపు వేలాడుతోంది. ఆవిడకి నవ్వొచ్చింది. "చెయ్యి పట్టుకో నాయనా, పైకెక్కుతా," అంది.

ఇంట్లోకి వచ్చేసరికి వానగాలి ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి కొట్టి, ఘాటునీ కంపునీ ఊడ్చుకుపోయింది. గచ్చు మాత్రం చెరువే. అందరూ గోడలు పట్టుకుని నడిచారు. తోడల్లుడు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మీటరు స్టూలు మీద పెట్టి, దాని మీదికి వంగాడు. అది ఎర్రగా వెలిగి కీచుమని అరిచింది. అత్తగారు దగ్గడం మొదలుపెట్టింది.

"చెప్పానా! తమ్ముడూ, అత్తయ్యగారి పెట్టె కింద కారులోనే ఉంచింది ఇందుకే," అన్నాడు తోడల్లుడు. మేష్టారి భార్య మాత్రం అమ్మ చెయ్యి వదల్లేదు. ఓడిపోయానని మేష్టారికి తెలిసిపోయింది.

ఇంతలో తోడల్లుడికి ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూ మెట్ల మీదికి వెళ్లాడు. మీటరు నోరు మూసింది. ఎరుపు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. అత్తగారి దగ్గు ఆగింది. ఆయన తిరిగొచ్చి జడ్జీలా స్టూలు పక్కన నిలబడగానే, మళ్లీ కీచుమంది. మళ్లీ దగ్గు.

"పెద్దల్లుడుగారూ, ఏమీ అనుకోకండి, ఒక్కసారి మళ్లీ బయటికెళ్లి నిలబడండి," అంది అత్తగారు.

వెళ్లాడు. ఆకుపచ్చ. రమ్మంది. ఎరుపు.

"ఏం పూసుకున్నారు నాయనా?"

"సెంటు అత్తయ్యగారూ. చాలా మంచి కంపెనీది. మా ఇంట్లో గదిగదికీ అదే కొట్టిస్తాను." అలవాటు కొద్దీ గర్వంగా చెప్పుకుపోయాడు. "పైగా మాది అంతా ఏసీ, తలుపు తియ్యం కాబట్టి ఎన్నాళ్లైనా వాసన బయటికి పోదు..."

ఆయన మాట ఆగిపోయింది. మేష్టారి భార్య లేచి, కిందికి వెళ్లి, అమ్మ పెట్టె తనే మోసుకుని పైకి తెచ్చింది.

ఆ మీటరు తప్పుడు లెక్కలు చూపిస్తోందని తోడల్లుడు మర్నాడే దాన్ని కంపెనీకి తిప్పి పంపించేశాడు.