మేడ మీద ఆవిడ

ఆ శుక్రవారం ఉదయం శ్రీరాములు పెట్టుకున్న పని పెద్దదేం కాదు. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చేలోపు స్నానం చెయ్యాలి, విష్ణుసహస్రనామం పూర్తయ్యేలోపు మేడ మీద ట్యాంకు నిండాలి, ట్యాంకు నిండేలోపు ఎలక్ట్రీషియన్ ఏసోబు రావాలి. ఆ తరవాత నిశ్చింతగా కొట్టు తెరుచుకోవచ్చు. తాడేపల్లిగూడెం మార్కెట్లో అతనికి బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. కొట్లో రాలిన బెల్లం పొడినే ఎత్తి దాచే మనిషి ఇంట్లో నీటిబొట్టుని వదులుతాడా? బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి, బట్టలు జాడించిన నీళ్ళు వాకిట్లోకి వెళ్ళవలసిందే. గంగమ్మని పారబోస్తే పాపమని అతని నమ్మకం. ఆ నమ్మకం తనకున్నందుకు కాస్త గర్వం కూడా.

ఆ నమ్మకమే కిందటి దీపావళికి కొంప ముంచింది. ఏలూరు నుంచి వియ్యపురాలు నాగవల్లి పండక్కి వచ్చింది. తెల్లారేసరికి స్నానాలగదిలో కుళాయి ధారగా పోతున్న చప్పుడు. ఎవరో కట్టెయ్యడం మరిచిపోయారనుకుని శ్రీరాములు గబగబా మేడెక్కి వాల్వు తిప్పేశాడు. మరిచిపోయిన వాళ్ళెవరూ లేరు. లోపల వియ్యపురాలు నెత్తి నిండా షాంపూ నురగతో నిలబడి ఉంది.

ఆవిడ అప్పుడేమీ అనలేదు. ఏలూరు వాళ్ళు మర్యాదస్తులు. కానీ ఇప్పుడు శ్రీరాములు కూతురు గీతాంజలికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, జరుగుతుందనే అతనూ భార్య సీతారత్నమూ అనుకుంటున్నారు. అంతలో నాగవల్లి నుంచి ఫోను.

"బాలింతరాలికి రెండు పూటలా వేణ్ణీళ్ళు ఉండాలి వదినగారూ. మీ ఇంట్లో తల రుద్దుకున్నాక కడుక్కోవడానికి అన్నయ్యగారి దయ కావాలాయె. వచ్చే నెల మంచిరోజు చూసుకుని వస్తాం. మీ ఇంట్లోనే గాజులు తొడిగిద్దాం. వసతులు చూశాక పిల్లని ఉంచాలో వెనక్కి తీసుకుపోవాలో చెబుతాను."

సీతారత్నం ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసిన చూపుకి శ్రీరాములు ఆ వారంలోనే తుప్పు పట్టిన గీజరు తీసేయించి కొత్తది పెట్టించాడు. మూలుగుతూ ముక్కుతూ నడిచే పాత మోటారు తీసేయించి కొత్తది వేయించాడు. అక్కడే చిక్కొచ్చింది. పాత మోటారు మూలుగు మారితే ట్యాంకు నిండిందని ఇంటిల్లిపాదికీ తెలిసేది. కొత్తది మునిలా మౌనంగా పని చేస్తుంది. ట్యాంకు పొంగి పక్కవాళ్ళ గోడ మీదుగా కారాకే తెలుస్తోంది. అందుకే ఈ శుక్రవారం ఏసోబు రాక.

"ఇదిగోనండీ," అని ఏసోబు ఒక చిన్న డబ్బా చూపించాడు. "ట్యాంకు నిండిందంటే ఇది మాట్లాడుద్దండి. లోపల పెడితే మిక్సీ చప్పుడులో ఇనపడదు. స్పీకరు పిట్టగోడ మీద పెట్టేత్తాను."

పెట్టేసి వెళ్ళిపోయాడు. శ్రీరాములు పూజలో కూర్చుని సహస్రనామం సగంలో ఉండగా, ఆకాశంలోంచి అన్నట్టు, రైల్వేస్టేషనులో వినపడే ఆడమనిషి గొంతు ఎంతో మర్యాదగా పలికింది.

"మీ ట్యాంకు నిండినది. దయచేసి ఆపండి. దయచేసి ఆపండి."

శ్రీరాములు నామం మధ్యలో ఆగిపోయాడు. వంటింట్లోంచి సీతారత్నం అంది: "స్వామివారే ఇక చాలంటున్నారేమోనండీ!"

ఆ వరసలో ఇళ్ళన్నీ ఒక్క మేస్త్రీ కట్టినవే. ట్యాంకులు ఒకే కొలత. నీళ్ళు అందరికీ ఒకే వేళకి వస్తాయి, మోటార్లు అందరూ ఒకే వేళకి వేస్తారు. కాబట్టి శ్రీరాములు ట్యాంకు నిండిందంటే వీధంతా నిండినట్టే. ఈ సంగతి ముందు కనిపెట్టినవాడు ఎదురింటి గంగరాజు. ఆయన చెబితే పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు. రెండు వారాలు తిరిగేసరికి వీధిలో ఎవరూ మేడ మెట్లెక్కడం లేదు. ఆ గొంతు వినపడగానే ఇంటింటా టపటపా స్విచ్చులు పడేవి.

ఒకరోజు కుళాయిలు కాస్త ఆలస్యమయ్యాయి. గంగరాజు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏవండీ శ్రీరాములుగారూ, మీ ఆవిడ ఈవేళ ఇంకా పిలవలేదేంటండీ?"

"మా ఆవిడ గుడికెళ్ళిందండీ."

"ఆవిడ కాదండీ. మేడ మీద ఆవిడ!"

శ్రీరాములుకి నవ్వొచ్చింది, దాని వెనకే ఛాతీ కూడా కొంచెం పొంగింది. ఒక్క డబ్బాతో వీధి మొత్తానికీ నీళ్ళు వృథా కాకుండా చేశాడంటే చిన్న సంగతా? మోటారు వెయ్యడం క్షణం ఆలస్యం చేసేవాడు కాదు. ద్వారకా తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకుని వద్దామని సీతారత్నం అంటే, "మనం లేకపోతే వీధికి ఎవరు చెబుతారే?" అన్నాడు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ నేను ఏదైనా ఆపమంటే ఒక్కనాడు ఆపారా?" అంది సీతారత్నం. "ఆవిడ ఒక్క మాటంటే ఎక్కడున్నా పరిగెడుతున్నారు. వీధిలో మగాళ్ళందరూ అదే వరస!"

గాజుల వేడుక ఆదివారం నాడు కుదిరింది. శనివారం సాయంత్రం మామిడాకులు కడుతుండగా సీతారత్నానికి అనుమానం వచ్చింది.

"ఏవండీ, రేపు పిల్లకి గాజులు తొడుగుతుంటే పైనుంచి ఆవిడ 'ఆపండి, ఆపండి' అంటే ఏం బాగుంటుంది? అందులో వియ్యపురాలి ముందు!"

శుభాశుభాలు తెలియని యంత్రం నోటి మాటకి శకునమేమిటని శ్రీరాములుకి అడగాలనిపించింది. తను చదివిన అయిదారు తరగతుల్లోనూ దీనికి జవాబు లేదు, విన్న పురాణాల్లోనూ లేదు. అయినా కడుపుతో ఉన్న కూతురి విషయం. ఎందుకొచ్చిన వాదన అని మేడెక్కి స్పీకరు వైరు పీకేశాడు. రేపొక్కరోజు ట్యాంకు తనే చూసుకుంటే సరి. మిగతా వీధికి చెప్పాలని మాత్రం అతనికి తట్టలేదు.

ఆదివారం పొద్దున్న అంతా అనుకున్నట్టే మొదలైంది. వాకిట్లో పందిరి కింద సన్నాయి. పెరట్లో వంటవాళ్ళు పులిహోరకి అన్నం ఎక్కించారు. నీళ్ళు రాగానే శ్రీరాములు మోటారు వేశాడు. 'ఇప్పుడే చూసొస్తాను' అనుకుంటుండగా పురోహితుడు పిలిచాడు.

"రండి రండి, విఘ్నేశ్వర పూజ కానిద్దాం. ఆచమనం చెయ్యండి."

పట్టుపంచెతో పీట మీద కూర్చున్నవాడు ఏ విఘ్నాల గురించి ఆలోచిస్తాడు? విఘ్నేశ్వరుడి మీదే భారం వేసి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి చినుకుల చప్పుడు వినపడింది.

"వానండీ! పొయ్యి లోపలికి మార్చమంటారా?" అని పెరట్లోంచి వంటాయన కేకేశాడు.

శ్రీరాములు కళ్ళు తెరిచాడు. పందిరి సందుల్లోంచి ఎండ చక్కగా పడుతోంది. అది వాన కాదు, ట్యాంకు! పీట మీంచి లేచి, ముందు తన మోటారు కట్టేసి, పంచె ఎగ్గట్టి మేడ మీదికి పరిగెత్తాడు.

పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తే వీధి వీధంతా పొంగుతోంది. ప్రతి మేడ మీంచీ నీళ్ళు ధారలు కట్టి దూకుతున్నాయి. పూడిపోయిన కాలవలు పట్టలేక సిమెంటు రోడ్డు మీదికి వదిలేశాయి. ఎవరివో హవాయి చెప్పులు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా తేలుకుంటూ పోతున్నాయి. నీటిబొట్టు కోసం ప్రాణం పెట్టే మనిషికి అది చూడలేని దృశ్యం. ఒళ్ళు మరిచిపోయి గొంతు చించుకున్నాడు.

"ఆపండి! అందరూ ఆపండి! ఆపండీ!"

కింద సన్నాయి ఆగింది. పురోహితుడు మంత్రం ఆపి, అక్షింతలు చేతిలోనే పట్టుకుని, పైకి చూశాడు. వంటాయన గ్యాసు కట్టేశాడు, పులిహోర అన్నం సగం ఉడుకు మీద నిలిచిపోయింది. వీధి మొదట్లో మలుపు తిరుగుతున్న ఏలూరు కారు కూడా ఆగింది. దాన్ని నడుపుతున్న అల్లుడు రాజకుమార్ బుద్ధిగా బ్రేకు వేసి, అద్దం దించి చూశాడు. అన్నీ ఆగాయి. మోటార్లు తప్ప.

"గంగరాజుగారూ! మోటారు ఆపండి!"

గంగరాజు వరండాలో కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. నీళ్ళు మొదటి మెట్టు దాకా వచ్చాయి.

"ఏంటండీ ఆ కంగారు? ఆపుతానండీ. ఆవిడ ఇంకా చెప్పలేదు కదా!"

"నేను చెబుతున్నానుగా!"

"మీకెందుకండీ శ్రమ? నిండితే ఆవిడే చెబుద్ది." ఆయన పేజీ తిప్పాడు. "ఎవరి ట్యాంకో గానీ బాగా పొంగుతోందండోయ్. ఇలా పారబోసుకునే వాళ్ళని ఏమనాలి?"

ఈలోగా కారు తలుపు తీసుకుని నాగవల్లి దిగింది. గాజుల పళ్ళెం పైకెత్తి పట్టుకుని, మడమలు మునిగే నీళ్ళలో పట్టుచీర కుచ్చెళ్ళు తడుపుకుంటూ, ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. వెనక రాజకుమార్ చెయ్యి పట్టుకుని గీతాంజలి.

"ఏమిటండీ వదినగారూ ఇది?" ఆవిడ గొంతులో మర్యాద తగ్గలేదు గానీ మెత్తదనం తగ్గింది. "మేం వీధి మొదట్లోకి రాగానే అన్నయ్యగారు మేడెక్కి మరీ ఆపండి, ఆపండి అంటున్నారు. వేడుక ఇష్టం లేకపోతే ఫోనులోనే చెప్పచ్చుగా! పద గీతా, కారెక్కు. మన ఇంట్లోనే పురుడు పోసుకుందాం."

"అత్తయ్యా, మా నాన్న మనల్ని అనరు," అంది గీతాంజలి.

"మరి ఇంత పెద్ద గొంతుతో ఎవర్నంటున్నారమ్మా?"

జవాబు చెప్పేలోగా పందిట్లోకి నీళ్ళొచ్చేస్తాయి. సీతారత్నం మేడెక్కింది, మొగుణ్ణి పక్కకి జరిపింది, చెంగు దోపుకుని, గొంతు సవరించుకుని, ముక్కుతో కాస్త పలుకుతూ ఎంతో మర్యాదగా అంది:

"మీ ట్యాంకు నిండినది. దయచేసి ఆపండి. దయచేసి ఆపండి."

గంగరాజు పేపరు పారేసి లోపలికి పరిగెత్తాడు. టప్పున ఒక స్విచ్చు. దాని వెనక ఇంకొకటి. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా టపటపా పడ్డాయి. ధారలు సన్నబడి, చుక్కలై, ఒక్కొక్కటే ఆగిపోసాగాయి.

శ్రీరాములు భార్య వెనకే మెట్లు దిగి వచ్చి, తల వంచుకుని వియ్యపురాలి ముందు నిలబడ్డాడు. ఇంతకాలం పొదుపు చేసి సంపాదించిన పరువు కాలవలో పోయింది. కూతురు కూడా వెళ్ళిపోతుంది.

నాగవల్లి మాత్రం అతన్ని చూడటం లేదు. వీధిని చూస్తోంది. చూసి చూసి, చూరు మీంచి ఇంకా కారుతున్న ఒక ధార కింద దోసిలి పట్టింది. మొహాన చల్లుకుంది. పెదవి తడుపుకుంది.

"అన్నయ్యగారూ, ఇవన్నీ కుళాయి నీళ్ళేనా?"

"అవునండీ చెల్లెమ్మగారూ. క్షమించాలి..."

"ఉప్పు లేదే!"

"ఎందుకుంటుందండీ?"

"మా కాలనీ బోరు నీళ్ళతో నాలుగు రోజులు తలంటుకుంటే జుట్టు కొబ్బరి పీచవుతోందండీ. తాగడానికి టిన్నులు కొనుక్కుంటున్నాం. ఇక్కడ మేడల మీంచి పారబోసుకుంటున్నారా!" ఆవిడ గాజుల పళ్ళెం సీతారత్నం చేతిలో పెట్టింది. "నేనేదో అనుకున్నాను. ఇంత నీటివసతి ఉన్న పుట్టిల్లు ఉండగా పిల్లని అక్కడెందుకు ఉంచుతాను? మూడో నెల వెళ్ళాకే పంపించండి."

శ్రీరాములు అబద్ధం చెప్పి ఎరగడు. "అది కాదండీ, మేం ఎప్పుడూ ఇలా వృథా చెయ్యం. ఈవేళ పొరపాటున..." అని మొదలుపెట్టాడు. సీతారత్నం అతని పాదం మీద పాదం వేసి నొక్కింది.

"మీరొస్తున్నారంటే ఈయన చెయ్యి ఆగదు వదినగారూ," అంది.

సన్నాయి మళ్ళీ అందుకుంది. గీతాంజలి రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు పడ్డాయి. పులిహోర కాస్త పలుకుగా వచ్చినా ఎవరూ ఏమీ అనలేదు. వీధంతా వచ్చి అక్షింతలు వేసింది. గంగరాజు ఆశీర్వదించి, శ్రీరాములుని పక్కకి పిలిచి రహస్యంగా అడిగాడు.

"ఈవేళ ఆవిడకి జలుబు చేసిందేంటండీ?"

శ్రీరాములు కూతురి పక్కన కూర్చుని ఆలోచించాడు. బొట్టు బొట్టూ దాచినన్నాళ్ళూ పిసినారి అనిపించుకున్నాడు. చెరువంత పారబోసిన రోజున ఘనుడయ్యాడు. దేవుడు లెక్కలు ఏ బళ్ళో నేర్చుకున్నాడో తెలియదు. అయినా గలగలమంటున్న ఆ గాజుల చేతుల్ని చూస్తుంటే ఆ లెక్క సరిచూడాలనిపించలేదు. తన కూతురు, తన ఇల్లు, తన వీధి. ఛాతీ మళ్ళీ పొంగింది.

సాయంత్రం బయలుదేరేటప్పుడు నాగవల్లి మొహమాటపడుతూ అడిగింది. "అన్నయ్యగారూ, తలంటుకి ఒక్క టిన్ను నీళ్ళు ఇప్పిస్తారా?"

శ్రీరాములు స్వయంగా నింపి కారులో పెట్టాడు, పైన నాలుగు వేళ్ళు వెలితి ఉంచి. ఏలూరు దాకా గతుకులెక్కువ, ఒలికితే వృథా.