శిథిల భవనం

మా కాలవగట్టు పేటకు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉందని శాసనసభ్యులు దొరబాబు గారు సోమవారం ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. ఆధారాలు ఇంకా దొరకలేదనీ, బుధవారం దొరుకుతాయనీ కూడా చెప్పారు. ఇంత కచ్చితంగా చరిత్ర చెప్పిన నాయకుణ్ణి నేను చూడలేదు.

ఆధారమంటే పాత నాణేలు. అవి దొరికితే పేట రక్షిత స్థలమవుతుంది, ఇక ఎవరూ ఇల్లు కట్టకూడదు. పేట వెనక దొరబాబు గారి రొయ్యల చెరువులున్నాయి. ఇళ్లు లేవకపోతే లారీలు తిన్నగా పోతాయి. ఆ సంగతికీ చరిత్రకీ సంబంధం లేదని ఆయనే చెప్పారు, ఎవరూ అడక్కముందే.

ఈ చరిత్రకు అడ్డం దీనమ్మ. నాట్లకు పోయే మనిషి. పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి సెంటున్నర పట్టా తెచ్చుకుంది. పునాది తవ్వించింది. వానలు పడేలోగా గోడ లేపాలి, లేకపోతే ఇంకో ఏడాది ప్లాస్టిక్ బరకం కిందే.

బుధవారం మెటల్ డిటెక్టర్ వచ్చింది. తిప్పేవాడు ఫిన్నీ, రాజమండ్రిలో ఐటీఐ చదివాడు. తహసీల్దారు దుర్గాశ్రీ గారు ఫైలుతో, ఆవిడ కింద తలారిగా పనిచేసే నేను కొలతల టేపు కొస పట్టుకుని వెనక నడిచాం.

చర్చి వెనక మెషీన్ కూసింది. తవ్వితే బ్రాందీ సీసా మూత.

"ఏ కాలందిరా?" అన్నారు దొరబాబు గారు.

"యానాం సరుకండి. మొన్నటిదే."

"యానాం ఎవరిది?"

"ఒకప్పుడు ఫ్రెంచోళ్లదండి."

"ఫ్రెంచివారి కాలం అని రాసుకోండమ్మా."

దుర్గాశ్రీ గారు రాసుకున్నారు.

దీనమ్మ పునాది పక్కన మెషీన్ ఆగకుండా అరిచింది. రాగి చెంబు, అందులో మట్టి పట్టి నల్లబడ్డ తొమ్మిది నాణేలు. దొరబాబు గారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు.

"శాతవాహనులు," అన్నారు.

ఫిన్నీ ఒకటి చొక్కాకి తుడిచాడు. "ఐదు రూపాయలండి. రెండు వేల పదకొండు అని ఉంది."

"క్రీస్తు పూర్వమా?"

"అలా ఏం లేదండి. వెనకాల సింహాలున్నాయి."

"సింహాలున్నాయా? అయితే అశోకుడు. కొట్టేయండమ్మా శాతవాహనుల్ని."

దీనమ్మ గట్టు మీంచి దిగి వచ్చింది. "ఆ అశోకుడెవరో నాకు తెలీదు గానీ బాబుగారూ, చెంబు పెట్టింది మీరేనండి. సామాజిక భవనానికి శంకుస్థాపన అన్నారు. నీళ్లు తెచ్చింది నేను. కొబ్బరికాయ కొట్టారు, మళ్లీ కనపడలేదు."

దుర్గాశ్రీ గారు ఫైలు తిరగేశారు.

"భవనం పూర్తయిందండి. రెండు వేల పదమూడులో మీరే ప్రారంభించారు. రెండొందల మంది పడతారు."

"ఎక్కడుంది?"

"రికార్డు ప్రకారం మనం దాంట్లోనే ఉన్నామండి."

అందరం చుట్టూ చూశాం. రెండు మేకలున్నాయి.

దొరబాబు గారు మేకల వైపు చెయ్యి చాపారు. "చూశారా? అంత పెద్ద భవనం, ఇటుక ముక్క కూడా మిగల్లేదు. ఇంతగా శిథిలం కావాలంటే ఎన్ని వేల ఏళ్లు పట్టి ఉండాలి?"

ఆ లెక్క మాలో ఎవరికీ రాదు. రక్షిత స్థలమని చుట్టూ తాడు కట్టేశారు.

"మరి నా పునాదండి?" అంది దీనమ్మ.

"పిచ్చిదానా, అంత భవనం మీద గుడిసె వేసుకుంటావా?" అన్నారాయన ఆప్యాయంగా.

పేపర్లో చెంబు ఫొటో పడిన నాలుగో రోజు తుఫాను హెచ్చరిక వచ్చింది. పేటవాసులంతా మధ్యాహ్నంలోగా సామాజిక భవనానికి చేరుకోవాలని మండలాఫీసు ఉత్తర్వు ఇచ్చింది.

గాలికి దీనమ్మ బరకం కాలవలో పడింది. ఆమె ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, తాడు దాటి, నీళ్లు నిండిన పునాది పక్కన బురదలో కూర్చుంది. పేటంతా వెళ్లి ఆమె వెనక కూర్చుంది. దుర్గాశ్రీ గారు జీపు దిగి, తాడుకి ఇవతలే నిలబడి, పేర్లు పిలిచి టిక్కులు పెట్టుకున్నారు. సగంలో గొడుగు తిరగబడింది.

దీనమ్మ కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"లోపలికి రండమ్మా," అంది. "బయట తడిసిపోతన్నారు."