దారి తప్పిన టెంటు

ఆ రోజు పొద్దున్నే బాబాయి స్వయంగా చొక్కా ఇస్త్రీ చేసుకోవడం చూసి ఆయన భార్య ముక్కున వేలేసుకుంది. పెళ్ళిఫొటోలో కూడా నలిగిన చొక్కాతోనే నవ్వుతున్న మనిషి మరి.

"ఏమిటి సంగతి? సన్మానం గానీ చేస్తున్నారా మీకు?"

"నాకు కాదు, నేలకి," అన్నాడు బాబాయి. "ఇన్నేళ్ళూ కాగితాల మీద కాపాడిన దాన్ని ఇవాళ కళ్ళారా చూడబోతున్నా."

బాబాయి నిజానికి ఎవరికీ బాబాయి కాదు. నేలలూ నీటిపట్టులూ భవనాల పాలు పడకుండా కాపాడే ఒక సంస్థలో ఆఫీసు మేనేజరు. డైరెక్టరమ్మ మొదలు నిన్నగాక మొన్న చేరిన మ్యాపులమ్మాయి దాకా అందరూ అలాగే పిలుస్తారు. మిగతావాళ్ళు పొలాలూ గట్లూ తిరిగి బూట్లకు బురద పూసుకొస్తే, ఆ బురద తుడిపించేది ఆయన. కుర్చీలు, తాళాలు, టీ, ప్రింటరులో ఇరుక్కున్న కాగితం, అన్నీ ఆయన నెత్తినే. పక్షుల మీద సంస్థ వేసిన పుస్తకాన్ని దగ్గరుండి అచ్చు వేయించాడు గానీ, ఆ పక్షుల్ని ఆయన చూసింది పుస్తకం అట్ట మీదే.

ఆనాటి కార్యక్రమం చిన్నదే. ఒక పెద్దావిడ తన చిత్తడి నేలను ఇకమీదట ఎవరూ పూడ్చడానికి వీల్లేకుండా సంస్థకు రాసిచ్చింది. ఆ నేల మీదే సభ పెట్టి ఆవిడకు కృతజ్ఞతలు చెప్పాలని డైరెక్టరమ్మ ముచ్చట. ముందుగా వెళ్ళి టెంటు వేయించడం, బోర్డు పాతించడం, వచ్చేవాళ్ళకు దారిలో బాణం గుర్తులు పెట్టడం బాబాయి వంతు. పెద్దావిడను డైరెక్టరమ్మ, మ్యాపులమ్మాయి కారులో తీసుకొస్తారు. ఆవిడ తమ్ముడు విడిగా వస్తాడు.

"చెరువు దాటగానే కుడివైపు తిరగండి బాబాయ్," అని మ్యాపులమ్మాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ముందే తిరిగారో, ముళ్ళకంచెగారి నేలలో తేలతారు."

ముళ్ళకంచె అన్నది ఆఫీసువాళ్ళు పెట్టుకున్న పేరు. పెద్దావిడ పక్క నేల ఆయనదే. మాట్లాడదామని వెళ్ళిన వాళ్ళందరినీ కుక్కను ఉసిగొల్పి తరిమిన ఘనుడు. పైగా తన నేలను పూడ్పించడానికి మట్టి లారీలు కూడా మాట్లాడుకున్నాడని వినికిడి. పెద్దావిడ చిత్తడికి నీళ్ళు వచ్చేదే అటునుంచి. ఆ మట్టి గానీ పడిందంటే రాసిచ్చిన నేల కాస్తా ఎండి బీటలు వారుతుంది.

"ఆ ఛాయలకు కూడా పోను తల్లీ," అన్నాడు బాబాయి.

కానీ ముందురోజు కుండపోతగా వాన కురిసింది. వ్యాను ఊరు దాటిన కాసేపటికి ఎడంపక్క నిండుగా నీళ్ళు కనిపించాయి. "చెరువొచ్చేసింది బాబాయ్," అన్నాడు డ్రైవరు. అది చెరువు కాదు, మొన్నటిదాకా పిల్లలు బంతాట ఆడుకున్న మైదానం. గోల్‌పోస్టులు నీళ్ళలోంచి మెడలు చాచి చూస్తున్నాయి. బాబాయి వాటినీ చూశాడు. "వలలు ఆరేసుకోవడానికి పాతుంటారు," అని డ్రైవరుకు వివరించి, కుడివైపు తిప్పమన్నాడు.

మట్టిరోడ్డు చివర ఒక విరిగిన గేటు, దాని మీద తుప్పుపట్టిన రేకు ఉన్నాయి. ఒకప్పుడు దాని మీద 'ప్రవేశం లేదు' అని ఉండేది. 'లేదు'ను తుప్పు తినేసింది. "ఎంత మర్యాదస్తులో చూడు, 'ప్రవేశం' అని రాసి మరీ పెట్టారు," అంటూ బాబాయి లోపలికి నడిచాడు.

రెల్లు మీదుగా గాలి వీస్తోంది. వాననీళ్ళలో మబ్బులు ఈదుతున్నాయి. పొడుగుకాళ్ళ నీలిపిట్ట ఒకటి, పుస్తకం అట్ట మీద ఉన్నదే, ఆయన్ని ఎగాదిగా చూసి తన పని తాను చూసుకుంది. బాబాయి వంగి తన బూట్లకంటిన బురద చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తాను తుడిపించిన బురద ఇలాంటి చోటునుంచి వచ్చిందా! తెలిస్తే తుడిపించేవాడే కాదు.

అంత అందంలోనూ ఆయన కంటికి పాత టైర్లూ, పగిలిన డ్రమ్ములూ, అడ్డదిడ్డంగా వేలాడుతున్న ముళ్ళతీగా కొట్టొచ్చినట్టు కనిపించాయి. పెద్దావిడ చూస్తే ఎంత చిన్నబుచ్చుకుంటుంది! ఈలోగా బాణం గుర్తులు పట్టుకుని సంస్థ సభ్యులు రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు టీ ఇచ్చి, వెంటనే పని కూడా ఇచ్చాడు. అందరూ తలో చెయ్యీ వేసి చెత్త రోడ్డు పక్కకు చేర్చారు. ముళ్ళతీగను పీకి చుట్టలు చుట్టారు. 'ఈ నేల ఎప్పటికీ ఇలాగే ఉంటుంది. ఇచ్చిన పెద్ద మనసుకు మా దండాలు' అన్న బోర్డును డ్రైవరు లోతుగా పాతాడు.

అప్పుడే తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన, వెంట ఒక కుక్కా, గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. పెద్దావిడ తమ్ముడే అనుకుని బాబాయి పరుగున ఎదురెళ్ళాడు.

"రండి రండి, మీ కోసమే చూస్తున్నాం!"

"నా కోసమా?" ఆయన గొంతు ఉరిమింది. "ఎవరయ్యా మీరంతా? ఇక్కడేం..."

"మీకు రుణపడి ఉన్నవాళ్ళమండీ అందరం," అంటూ బాబాయి ఆయన ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో టీకప్పు పెట్టి, ముందువరసలో కూర్చోబెట్టాడు. కుక్కకు బిస్కెట్టు వేశాడు. కుక్క అక్కడికక్కడే పార్టీ మార్చేసింది. ఇక ఆయనా, ఒక చేత్తో పూలు, ఒక చేత్తో టీ పట్టుకున్న మనిషి ఎవరికని వేలు చూపించి కేకలేస్తాడు?

డైరెక్టరమ్మ ఇంకా రాలేదు. జనం కదులుతున్నారు. బాబాయి జీవితంలో మొదటిసారి మైకు అందుకున్నాడు. "ఈ నేలను ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా కాచిన కుటుంబం పెద్ద మన మధ్య ఉన్నారు," అన్నాడు. చప్పట్లు మోగాయి. వచ్చినవాళ్ళలోంచి ఊరి బడి టీచరమ్మ లేచి వచ్చి, "ఎండాకాలం మా బడి బావిలో నీళ్ళుంటున్నాయంటే మీ నేల చలవేనండీ. పిల్లల తరఫున చెబుతున్నా," అంది. పక్షులు చూసే ముసలాయన పెద్దమనిషి భుజం పట్టుకుని, "ఆ నీలిపిట్ట గూడు చూశానండీ మీ రెల్లులో! మీరు చల్లగా ఉండాలి," అన్నాడు.

పెద్దమనిషి మీసం అదిరింది. "అదా... రోజూ పొద్దున్నే అరిచి చంపుతుంది," అన్నాడు, మనవరాలి అల్లరి గురించి చెప్పే తాతలా.

సరిగ్గా అప్పుడే బాబాయి ఫోను మోగింది.

"ఎక్కడున్నారు బాబాయ్?" డైరెక్టరమ్మ అరుస్తోంది. "మేం వచ్చి ఎంతసేపైందో తెలుసా?"

"టెంటు కిందే ఉన్నానమ్మా. మీరెక్కడ?"

"నేల మీద! ఇక్కడ టెంటూ లేదు, మనిషీ లేడు. పెద్దావిడా, తమ్ముడుగారూ, మేమిద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటున్నాం."

"తమ్ముడుగారు అక్కడున్నారా?" బాబాయి ముందువరస వైపు తిరిగి చూశాడు. "మరి... ఇక్కడున్నదెవరు?"

ఫోను మ్యాపులమ్మాయి లాక్కుంది. "బాబాయ్, మీ దగ్గర విరిగిన గేటు, పాత టైర్లు ఉన్నాయా?"

"టైర్లు ఉండేవమ్మా. ఇప్పుడే తీయించేశాను."

"ముళ్ళతీగ?"

"అదీ చుట్టేశాం."

మ్యాపులమ్మాయి, "కదలకండి. వస్తున్నాం," అంది, నిప్పంటుకున్న ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టు.

పారిపోదామా అని బాబాయికి ఒక్క క్షణం అనిపించింది. కానీ డ్రైవరు వ్యాను ఆపిన చోట దాని చక్రాలు బురదలో దిగిపోయి ఉన్నాయి. ఇక దాచి లాభం లేదనుకుని పెద్దమనిషి ముందుకెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"పొరపాటైపోయిందండీ. మైదానాన్ని చూసి చెరువనుకున్నాను. మిమ్మల్ని చూసి ఇంకొకరనుకున్నాను. ఈ చప్పట్లు మీవి కావు, టెంటు కూడా మీది కాదు. నేల ఒక్కటే మీది. తప్పంతా నాదే, వీళ్ళనేమీ అనకండి. చెత్త ఎక్కడిదక్కడ పెట్టించేస్తాను. కంచె కట్టించేస్తాను. బోర్డు పీకించేస్తాను."

డ్రైవరు గడ్డపార అందుకున్నాడు. ముళ్ళకంచెగారు టీ చివరి గుక్క తాగి, కప్పు కింద పెట్టాడు.

"ఆ బోర్డు ముట్టుకున్నావంటే కుక్కను వదులుతా."

కుక్క బాబాయి కాళ్ళ దగ్గర పడుకుని తోకాడించింది.

"ఇన్నేళ్ళూ నా గడప తొక్కినవాడల్లా ఈ నేలకి పేర్లు పెట్టాడయ్యా," అన్నాడు ఆయన. "బురదన్నారు. దోమలన్నారు. పూడ్చి పారెయ్యమన్నారు. మీ ఆఫీసువాళ్ళూ అంతే, నేల ఏం చేసుకుంటావని అడిగారే గానీ, ఇన్నాళ్ళూ ఉంచినందుకు సంతోషమన్న పాపాన పోలేదు. ఇవాళ వీళ్ళన్నారు. ఇప్పుడొచ్చి ఎప్పటికీ అని రాసిన బోర్డు పీక్కెళ్తానంటావా? మాటంటే మాటే. వెనక్కెళ్ళారో, కోర్టుకీడుస్తా!"

బాబాయి ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. తన ఇస్త్రీ చొక్కా మీద కన్నీళ్ళు పడుతున్న సంగతి కూడా పట్టించుకోలేదు.

డైరెక్టరమ్మ క్షమాపణలన్నీ వల్లెవేసుకుంటూ మోకాళ్ళదాకా బురదతో వచ్చి చేరింది. నోరు తెరిచేలోపే ముళ్ళకంచెగారు అందుకున్నాడు. "నా నేల మీద సభ పెట్టి మీరే ఆలస్యంగా వస్తే ఎలాగమ్మా? కూర్చోండి!"

పెద్దావిడ మాత్రం నెమ్మదిగా నడిచొచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. "మీ నీళ్ళే నాయనా నా నేలకి ప్రాణం," అంది. "ఎప్పణ్ణుంచో చెబుదామనుకుంటున్నా, మీ కుక్కకి జడిసి రాలేదు." ఆయన తన పూలగుత్తిని చూసుకుని, సగం విడదీసి ఆవిడకిచ్చాడు.

మర్నాడే మట్టి లారీలు వద్దని కబురెళ్ళింది. నెల తిరక్కుండా ఆయన నేల కూడా సంస్థ చేతికొచ్చింది. పెద్దావిడకు జరగాల్సిన సభను పైవారం అసలు చోటనే, మ్యాపులమ్మాయి స్వయంగా దారి చూపిస్తుండగా, అనుకున్నది అనుకున్నట్టు జరిపారు. దారి తప్పలేదు, ఎవరూ ఎవరి మీదా అరవలేదు, అదనంగా ఒక్క గజం నేల కూడా రాలేదు.