మన్నార్‌గుడి మంటపంలో తారీఖుల తిరుగుబాటు

"ఈ ఊళ్లో నేరస్థులు ఇంకా హాయిగా తిరుగుతున్నారంటే, దండపాణి అనేవాడొకడున్నాడని వాళ్లకి ఎవరూ చెప్పకపోవడం వల్లే."

ఈ మాటన్నది దండపాణే. మన్నార్‌గుడి అంబాళ్ కల్యాణ మంటపంలో సామాన్ల గది అతని చేతిలో ఉంటుంది. ఒకసారి పోయిన సాంబారు గరిటెను సాంబారు గుండిగలోనే పట్టుకున్నాడు. అప్పటినుంచి డిటెక్టివ్. ఆ గరిటె కథ మేనేజరు సభేశన్ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు.

ఈసారి సంగతి మాత్రం గరిటె కాదు. మంటపం బుకింగులన్నీ గుమాస్తా మంగై కంప్యూటర్లో ఎక్కిస్తుంది. వాటినుంచి ఏ తారీఖున ఏ పెళ్లో చెప్పే సారాంశ పట్టిక తయారై వంటశాల గోడకెక్కుతుంది. కంప్యూటరు వచ్చిన ఈ ఏడాదిన్నరగా ఆ పట్టికకు వరస లేదు. ఒకటో తారీఖులన్నీ ఒకచోట, రెండో తారీఖులన్నీ ఒకచోట, నెలతో పనిలేకుండా గుంపులు కడుతున్నాయి. మొన్న వైకాశి నెల పెళ్లి కిందనే, మూడు నెలల తర్వాత వచ్చే ఆవణి పెళ్లి నిలబడింది. వంటాయన రెండూ ఈ వారమే అనుకుని ఎనభై లీటర్ల పాలు అదనంగా తెప్పించాడు. పాలు వచ్చాయి, పెళ్లివాళ్లు రాలేదు.

యజమాని ఒకే మాట అన్నాడు: శుక్రవారం సాయంత్రానికి పట్టిక సరిగ్గా లేకపోతే సోమవారం నుంచి మంగై రానక్కర్లేదు. పన్నెండేళ్లుగా నమ్మకంగా చేస్తున్న మనిషి. సభేశన్‌కి ఆ మాట మింగుడుపడలేదు.

"ఇది లోపం కాదు, కుట్ర," అని తేల్చాడు దండపాణి. బస్టాండు పక్కన కొత్తగా వెలిసిన ఏసీ హాలు తాలూకు గూఢచారి మారువేషంలో వచ్చి తారీఖుల్ని కలిపేస్తున్నాడట. ముందు వంటాయన్ని నిలదీశాడు, పాలు వచ్చిన వేళ ఎక్కడున్నావని. పాల దగ్గరే ఉన్నానన్నాడాయన. అది అనుమానాస్పదమైన జవాబని దండపాణి రాసుకున్నాడు. తర్వాత పూలమ్మే ఆవిణ్ణి గంటసేపు ప్రశ్నించి రెండు మూరల మల్లెపూలతో తిరిగొచ్చాడు.

"గూఢచారి దొరికిందా?" అన్నాడు సభేశన్.

"బేరం తగ్గని మనిషి. గట్టి శిక్షణ పొందినట్టుంది."

శుక్రవారం మధ్యాహ్నం వేలిముద్రల ఘట్టం వచ్చింది. పౌడరు లేదు. దండపాణి సంచిలోంచి విభూతి పొట్లం తీసి కీబోర్డు మీద ధారాళంగా చల్లి, ఉఫ్ అని ఊదాడు. విభూతి సగం సభేశన్ కళ్లల్లో, సగం మీటల సందుల్లో పడింది. ముద్రలు ఒక్కటీ దొరకలేదు. ఎంటర్ పక్క మీట మాత్రం కదలకుండా బిగుసుకుపోయింది.

ఇంతలో ఫోను మోగింది. ఆవణిలో ఒక పెళ్లి బుకింగు. మంగై ఆ మీటను రెండుసార్లు నొక్కి చూసింది, ముఖం చిన్నబుచ్చుకుంది, చివరికి తారీఖు ఎక్కించింది. గడుల్లో మిగతా తారీఖులన్నీ ఎడమగోడకు ఆనుకుని ఉంటే, ఇదొక్కటి కుడివైపు నిలబడింది.

కళ్లు తుడుచుకుంటూ సభేశన్ అది చూశాడు. "ఏమ్మా, దీనికి ఏం చేశావు?"

"ఏం చేయలేదు సార్. చేయాల్సింది చేయలేకపోయాను." అంది మంగై. "ఏది రాసినా ముందు వినాయకుడి గుర్తుగా పిళ్లయార్ సుళి చుట్టి రాయడం మా నాన్న నేర్పాడు. కంప్యూటర్లో ఆ సుళి లేదు కదా. ఆ మీట మీదున్న కొక్కెం గుర్తు కాస్త అలాగే ఉంటుందని ప్రతి తారీఖు ముందూ పెడుతున్నాను. ఎంటర్ కొట్టగానే మాయమైపోతుంది. స్వామి తీసుకున్నాడనుకున్నాను."

సభేశన్‌కి కంప్యూటరు అంతంతమాత్రమే. అయినా ఒక గడిలోకెళ్లి, కనబడకుండా దాక్కున్న కొక్కెం తీసేసి ఎంటర్ కొట్టాడు. ఆ తారీఖు కూడా కుడివైపుకి జరిగింది. ఇన్నాళ్లూ ఆ కొక్కెం చూసి కంప్యూటరు తారీఖుల్ని వట్టి అక్షరాలనుకుని, నెల చూడకుండా మొదటి అంకెను బట్టి పేర్చింది. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే తీశారు. పట్టికను తాజా చేసి మళ్లీ వరస పెడితే వైకాశి వెనక ఆని, ఆని వెనక ఆవణి బుద్ధిగా నిలబడ్డాయి. యజమాని వచ్చి చూసి, సోమవారం తొందరగా రమ్మని మంగైకి చెప్పి వెళ్లాడు.

కానీ మంగై ముఖం తేటపడలేదు. ఇన్ని పెళ్లిళ్లకి సుళి చెరిపేశాం, తప్పు కాదా అంది. సభేశన్‌ కూడా రోజూ గుడికి వెళ్లే మనిషే. విఘ్నాలు తీసే స్వామిని తెచ్చి తారీఖుకి అడ్డంగా నిలబెట్టింది మనమే కదా, ఆయనకీ ఎంత ఇబ్బందో అనిపించింది అతనికి. తారీఖులకు ముందు ఖాళీ గడుల నిలువు వరస ఒకటి కొత్తగా చేర్చాడు.

"ఈ గడులన్నీ ఆయనవి. ఎంత పెద్ద సుళైనా చుట్టుకో. పక్క గడి తారీఖుది."

మంగై మొదటిసారి నవ్వింది. మీట ఇంకా బిగుసుకునే ఉంది.

దండపాణి మల్లెపూలు వాసన చూస్తూ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. "ఆ మీటే దోషి అని నాకు మొదటినుంచీ తెలుసు," అన్నాడు. "అందుకే విభూతి పెట్టి అరెస్టు చేశాను."