బన్‌రైకిని ఎత్తుకెళ్లిందెవరు?

"నెగిషీ, ఈ లోకంలో మెదళ్లు రెండే రకాలు. ఒకటి మామూలు మెదడు. రెండోది నాది."

ఈ ప్రకటన చేసినప్పుడు ఉగాజిన్ చేతిలో ఉన్నది తుపాకీ కాదు, నూడుల్స్ వడగట్టే జల్లిగరిటె. ఒగికుబో స్టేషన్ వెనక సందులో అతనికి సోబా నూడుల్స్ దుకాణం ఉంది. ఆ దుకాణం మీది అంతస్తులో మా కార్టూన్ స్టూడియో. పిండి చేతులతోనే చవకబారు డిటెక్టివ్ పత్రికలు తిరగేసి తిరగేసి, తాను పుట్టింది నూడుల్స్ కోయడానికి కాదు, నేరస్థుల గుట్టు లాగడానికని ఉగాజిన్ తేల్చుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. కిందటేడు, రోజూ సాయంత్రం ఒకే వేళకు బూర ఊదుతూ సందులోకి వచ్చే మనిషిని విదేశీ గూఢచారి అని పట్టుకుని పోలీసులకు అప్పగించాడు. ఆయన మా నాన్న కాలం నుంచి ఆ వీధిలో బూర ఊదుతూ సోయాగింజల టోఫూ అమ్ముకుంటున్నాడు. పాపం, ఇప్పటికీ మా సందు మలుపు రాగానే బూర జేబులో పెట్టేసుకుంటాడు.

ఏ జన్మలో చేసుకున్న పాపమోగాని, ఇలాంటివాడు నాకు ప్రాణస్నేహితుడు.

"పొద్దున్నే ఈ మెదళ్ల గొడవేమిట్రా?" అన్నాను.

"ఇవాళ తెల్లారగానే ఒక పుణ్యకార్యం చేసొచ్చాను. పుణ్యం చేసిన రోజు నా బుర్ర కత్తిలా ఉంటుంది. పెద్ద కేసొకటి తగులుతుంది, చూస్తూ ఉండు."

"ముందు ఆ ఏప్రన్ మార్చుకో. బొగ్గుల కొట్లో పొర్లినట్టున్నావు."

"పొయ్యి మసిరా, పట్టించుకోకు."

ఉగాజిన్‌ది గ్యాసు పొయ్యి. ఆ సంగతి అప్పుడే నా బుర్రకు తట్టి ఉంటే మీకూ నాకూ చాలా శ్రమ తప్పేది. నేను గిన్నె ఖాళీ చేసి మేడెక్కాను.

మా బన్‌రైకి గురించి ఒక్క మాట చెప్పాలి. బన్‌రైకి అంటే కొండంత మరమనిషి. వాడు శత్రువుల మరమనుషులతో యుద్ధం చేసే బొమ్మల సీరియల్ టీవీలో బాగానే ఆడింది. ఇప్పుడు రెండో భాగం తీస్తున్నాం. యుద్ధం ముగిసి చాలా ఏళ్లయింది, బన్‌రైకి పాత గాయాలతోనే మళ్లీ రణరంగంలోకి దిగుతాడు. అందుకని నేను చేసిన కొత్త నమూనాకి ఒక కొమ్ము విరిగి ఉంటుంది, ఎడమ చెయ్యి వేరే మరమనిషి నుంచి పీకి అతికించినట్టుంటుంది, ఒళ్లంతా గీతలూ మసీ. ఆ మసి కోసం బొగ్గుపొడి నూరి, వేళ్లతో రుద్ది రుద్ది నా గోళ్లు నల్లబడిపోయాయి.

సీరియల్‌కి డబ్బు పెట్టేది బొమ్మల కంపెనీ. దాని అధ్యక్షుడు కాబురాగి గారు ఆ సాయంత్రం వచ్చి నమూనా చూస్తారు. నచ్చితే రెండో భాగం ఉంటుంది. నచ్చకపోతే స్టూడియోకి తాళం పడుతుంది, అందరం తలో దిక్కు. కొత్త బొమ్మ అంటే తళతళలాడాలి గాని ఇదేమిటని ఆయన మొహం చిట్లిస్తారేమోనని నాకు వారం నుంచి నిద్ర లేదు.

సమావేశం గదిలోకి వెళ్లి అద్దాల పెట్టె మీది గుడ్డ తీశాను. లోపల బన్‌రైకి నిలబడి ఉన్నాడు. రెండు కొమ్ములూ ఉన్నాయి. ఒళ్లు పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

అది నేను చేసింది కాదు. అటక మీద దుమ్ము పట్టి ఉండే, మొదటి భాగం నాటి పాత బన్‌రైకి! ఎవరో శుభ్రంగా కడిగి, కొత్త రంగు వేసి పెట్టారు. నా బన్‌రైకి జాడ లేదు.

నా కేకకి దర్శకుడు ఇసోబె గారు పరుగెత్తుకొచ్చారు. పెట్టెలోకి చూసి గోడకి జారబడి కూర్చుండిపోయారు.

"నెగిషీ... కాబురాగి గారికి ఇప్పుడేం చూపిస్తామయ్యా?"

"రంగుల విభాగం తోమె అత్తని అడుగుదాం, ఈ రంగు పని ఆవిడదిలాగే ఉంది."

"ఆవిడ ఇవాళ సెలవు."

ఇంతలో గుమ్మంలోంచి ఒక గొంతు మోగింది. "ఎవరూ కదలొద్దు! కదిలిన ప్రతివాడూ అనుమానితుడే!"

నా కేక కిందికీ వినపడిందన్నమాట. ఉగాజిన్ తలమీద టోపీ, చేతిలో జల్లిగరిటె. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నేను జరిగింది చెప్పాను. అతను అద్దాల పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"ఇందులో ఉన్నది పాతదా? నువ్వు చెప్పేది నిజమేనా?"

"చేసినవాణ్ని, నాకు తెలీదా?"

"అయితే అర్థమైంది. పొద్దున నేను గిన్నెలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కొత్త బన్‌రైకి ఈ పెట్టెలోనే ఉంది. తళతళా మెరిసిపోతోంది, నా రెండు కళ్లతో చూశాను. అంటే దొంగ నా తర్వాత వచ్చాడు. కొత్తది ఎత్తుకుపోయి, దాని స్థానంలో అచ్చం అలాంటి పాతది పెట్టాడు. అబ్బ, ఏం బుర్ర! నా బుర్రతో తలపడదగ్గ బుర్ర!"

తళతళా మెరిసిపోతోందన్న మాట నా చెవిలో పడింది గాని తలకెక్కలేదు. అప్పుడు నా తల పనిచేసే స్థితిలో లేదు. ఉగాజిన్ అప్పటికే నేలమీద పాకుతున్నాడు.

"నల్లపొడి! నెగిషీ, నల్లపొడి!"

"అది నా బొగ్గుపొడేరా. బొమ్మ మీద నుంచి రాలింది."

"దొంగ దారి ఇదే. పద!"

ఆ పొడి జాడ గుమ్మం దాటి, మెట్లు దిగి, సరిగ్గా ఉగాజిన్ డెలివరీ సైకిల్ దగ్గర ఆగిపోయింది. ఉగాజిన్ పళ్లు కొరికాడు.

"ఎంత పొగరు చూశావా? నా సైకిల్ పక్కనుంచే నడిచి వెళ్లాడు! నాకు సవాలు విసురుతున్నాడు!"

"నీ సైకిల్ పెట్టెలో కూడా పొడి ఉందేమిట్రా?"

"నన్ను ఇరికించే కుట్ర. మహామహులందరికీ ఇది తప్పలేదు. చిన్న విషయాలతో నా బుర్ర తినకు."

సరిగ్గా అప్పుడే సందు చివర బూడిదరంగు కోటు వేసుకున్న ముసలాయన కనిపించారు. చంకలో ఊదా గుడ్డ మూట. మూట సరిగ్గా నా బన్‌రైకి అంత ఉంది. ఆయన అటూ ఇటూ చూసి, గోడ మీది వీధి పేరు చదివి, మళ్లీ అటూ ఇటూ చూశారు.

"చూశావా, బిత్తరచూపులు!" అన్నాడు ఉగాజిన్.

"దారి తెలీక చూస్తున్నాడేమోరా."

"దొంగకి దారి ఎలా తెలుస్తుంది? దొంగలు పరాయి ఊరివాళ్లే అయ్యుంటారు."

మేం వెంటపడ్డాం. వెంటపడటమంటే, ఉగాజిన్ ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభానికి దూకడం, నేను మామూలుగా నడవడం. అతని పొట్ట ఏ స్తంభం వెనకా పూర్తిగా దాగలేదు. ఊరగాయల కొట్టు ముసలమ్మ "ఏం ఉగాజిన్, పొట్టలో బాలేదా?" అని పలకరించింది కూడా. ఎందుకు వెళ్లానంటారా? మునిగిపోయేవాడు గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాడు. నాకు దొరికిన గడ్డిపోచ ఉగాజిన్.

ముసలాయన సందు దాటి, గుడి గేటులోకి తిరిగారు.

ఆ రోజు గుళ్లో బొమ్మల వీడ్కోలు. ఏళ్ల తరబడి ఇంట్లో మనిషిలా మసిలిన బొమ్మని చెత్తబుట్టలో పారేయడానికి మాలో ఎవరికీ చేతులు రావు. గుడికి తెస్తే, అక్కడి పూజారి స్వామి మంత్రం చదివి, లోపలి ఆత్మను సాగనంపి, అప్పుడు నిప్పులో వేస్తారు. ముంగిట్లో మెట్లమెట్లుగా కట్టిన బల్లల మీద రకరకాల బొమ్మలు కిక్కిరిసి ఉన్నాయి. పక్కన మంట రాజుకుంటోంది. మంత్రం అప్పుడే ముగిసింది. జనం చేతులు జోడించి నిలబడ్డారు.

"సాక్ష్యాన్ని తగలబెట్టబోతున్నాడు!" అని అరిచి ఉగాజిన్ ముసలాయన మీదికి లంఘించాడు. "వదులు! మూట వదులు! నీ ఆట కట్టు!"

"ఎవరయ్యా నువ్వు? ఇది మా ఆవిడ బొమ్మ!"

"దొంగలందరూ మొదట చెప్పే మాట ఇదే!"

ఇద్దరూ మూటని చెరోవైపూ లాగారు. ముడి ఊడింది. లోపల పాత అమ్మాయి బొమ్మ ఒకటి. ముఖం మీది తెల్లరంగు ఒక బుగ్గ దగ్గర పూర్తిగా అరిగిపోయి ఉంది. ఉగాజిన్ ఖంగు తిని చెయ్యి వదిలేశాడు. వదిలిన ఊపుకి వెనక్కి వెనక్కి వెళ్లి, బొమ్మల బల్లల మీద వెల్లకిలా పడ్డాడు. బల్లలన్నీ ఒకదాని మీదొకటి కూలాయి. బొమ్మల వర్షం కురిసింది. ఆ వర్షంలోంచి నల్లటిది ఒకటి దొర్లుకుంటూ, కొమ్ము విరిగిన తలతో వచ్చి, ముసలాయన కాళ్ల దగ్గర ఆగింది.

నా బన్‌రైకి!

నేను దాని మీదికి ఉరికాను. నాకంటే ముందు ఆ ముసలాయన వంగి దాన్ని ఎత్తుకున్నారు. కోటు మసి అయిపోతున్నా లెక్కచెయ్యకుండా, విరిగిన కొమ్మునీ, అతికించిన చేతినీ తడిమి చూశారు.

"ఎవరిదో గాని, ఎంత ఆడుకున్నారో దీంతో!" అన్నారు. "చెయ్యి విరిగితే పారెయ్యలేదు. ఇంకోటి తెచ్చి అతికించారు. నేను జీవితమంతా బొమ్మలమ్మాను బాబూ. కొత్తగా మెరిసేవే అమ్మాను. ఇంత ప్రేమగా అరిగిన బొమ్మని మాత్రం ఎన్నడూ తయారు చెయ్యలేకపోయాను."

జనంలోంచి తోమె అత్త దూసుకొచ్చింది. "అయ్యో, ఇది నెగిషీ కొత్త బొమ్మ కదా! ఇక్కడికెలా వచ్చింది? నేను పంపించమన్నది పాత బన్‌రైకిని! ఆఖరి ప్రయాణం కదాని రాత్రంతా కూర్చుని రంగులేసి ముస్తాబు కూడా చేశాను. అద్దాల పెట్టె పక్కన బల్లమీద పెట్టి వచ్చాను."

"ఎవరితో పంపావత్తా?" అన్నాను. నా గొంతులో అప్పటికే అనుమానం ఉంది.

స్వామి ప్రశాంతంగా చెయ్యి చాపారు. "పొద్దున సైకిల్ మీద తెచ్చింది వీరే."

చెయ్యి చాపిన వైపు ఉగాజిన్, బొమ్మల కుప్పలోంచి తల బయటికి పెట్టాడు.

"అత్తా, నువ్వే చెప్పావుగా, పాతది గుడికి చేర్చమని!" అన్నాడు. "గదిలోకి వెళ్తే రెండున్నాయి. ఒకటి తళతళలాడుతోంది, ఇంకోటి విరిగి మసిబారి ఉంది. మామూలు మెదడైతే తికమక పడేది. నేను చిటికెలో తేల్చాను. మసిదాన్ని ఇక్కడికి తెచ్చి, పాపం కదాని మెరిసేదాన్ని అద్దాల పెట్టెలో నేనే సర్ది గుడ్డ కప్పాను."

దొంగే దొంగా దొంగా అని అరవడం విన్నాను గాని, దొంగ తనని తానే వెంటాడటం అప్పుడే చూశాను. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు ముసలాయన నా వైపు తిరిగారు.

"ఇది కొత్త బొమ్మా? నువ్వు చేశావా?"

"అవునండీ. ఇవాళ సాయంత్రం కాబురాగి గారనే పెద్దాయనకి చూపించాలి. ఆయనకి నచ్చకపోతే మా బతుకులు వీధిన పడతాయి. దయచేసి ఇచ్చెయ్యండి."

"చూశాగా," అన్నారాయన. "కాబురాగిని నేనే. సాయంత్రం మీ స్టూడియోకి ఎలాగూ రావాలి కదాని, ముందు మా ఆవిడ బొమ్మని సాగనంపుదామని పెందలాడే ఇటు వచ్చాను."

ఆయన పేరు వినడమే గాని మొహం ఎన్నడూ చూసినవాణ్ని కాదు. ఉగాజిన్ తల మళ్లీ బొమ్మల్లోకి దించేసుకున్నాడు.

"ఇలాగే ఉండాలి. ఒక్క గీత కూడా చెరపకు," అన్నారు కాబురాగి గారు. నేను అక్కడే, అందరిముందూ, సిగ్గులేకుండా ఏడ్చేశాను.

"చిన్న ఇబ్బంది ఉంది," అన్నారు స్వామి. "మంత్రం చదివేశాం. ఇందులో ఇప్పుడు ఆత్మ లేదు."

"మళ్లీ పోసెయ్యండి స్వామీ," అంది తోమె అత్త, చెంబులో నీళ్లు పొయ్యమన్నంత తేలిగ్గా.

స్వామి నవ్వి, ఇంకో మంత్రం చదివారు. కాబురాగి గారు నా చెవిలో అన్నారు: "చచ్చి, మళ్లీ పుట్టి వచ్చాడు. రెండో భాగం వీరుడికి ఇంకేం కావాలయ్యా?"

బొమ్మల కుప్పలోంచి లేచి ఉగాజిన్ టోపీ దులుపుకున్నాడు. "పోయిన బొమ్మ దొరికింది, నేరస్థుడు దొరికాడు. ఒకే దూకుడులో రెండూ తేల్చిన పరిశోధకుణ్ని ఎక్కడైనా చూశావా, నెగిషీ?"

చూడలేదని ఒప్పుకున్నాను.

రెండో భాగం మొదలైన సాయంత్రం ఉగాజిన్ దుకాణంలో చోటు లేదు. గల్లాపెట్టె పక్కన పాత బన్‌రైకి పెళ్లికొడుకులా మెరుస్తున్నాడు. ఆఖరి ప్రయాణం తప్పిపోయాక వాణ్ని తోమె అత్త అక్కడికే ఇచ్చేసింది. టీవీలో నా మసి బన్‌రైకి ఒంటికొమ్ముతో లేచి నిలబడగానే ఇసోబె గారు కుర్చీ ఎక్కి కేకలు వేశారు. మూల బల్ల దగ్గర కాబురాగి గారు కూర్చున్నారు. ఎదుటి కుర్చీలో బుగ్గ అరిగిన ఆ అమ్మాయి బొమ్మ. ఆ రోజు గుళ్లోంచి వెళ్లేటప్పుడు ఆయన దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి వెంట తీసుకుపోయారు, ఎందుకని ఎవరం అడగలేదు. ఇప్పుడు తన గిన్నెతోపాటు దాని ముందూ ఒక చిన్న గిన్నె పెట్టించి, టీవీ బాగా కనిపించేలా కుర్చీని మెల్లగా తిప్పుతున్నారు.

ఉగాజిన్ గరిటె అడ్డం పెట్టుకుని నా చెవిలో గుసగుసలాడాడు.

"నెగిషీ, ఆ ఎదుటి కుర్చీలో ఉన్నావిడ మీద ఒక కన్నేసి ఉంచు. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక్క మెతుకు ముట్టలేదు, ఆయన మీంచి చూపు తిప్పడం లేదు."