పక్క ఊళ్ల విముక్తి

గొడవ గ్లాసు దగ్గర మొదలైంది.

జైపాల్ గారింట్లో స్టీలు గ్లాసులు రెండు రకాలు. వంటింటి స్టాండులో బోర్లించి ఉండేవి ఒక రకం. పెరటి గోడ మీద, తులసి కుండీకి కాస్త ఎడంగా ఉండేది రెండో రకం. రెండో రకంలో ఉన్నది ఒక్కటే. అడుగున సొట్ట, అంచు కింద ఎవరి పెళ్లిలోనో చదివించిన వాళ్ల పేరు. ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, బట్టలు ఉతికే సమ్మవ్వ ఆ గ్లాసులోనే చాయ్ తాగుతుంది. తాగి, కడిగి, మళ్లీ గోడ మీదే పెడుతుంది. ఇదంతా శుభ్రత కోసమని జైపాల్ గారు ఒకసారి వివరించారు. ఇంట్లో మిగతా గ్లాసులన్నీ కడిగేది కూడా సమ్మవ్వే కాబట్టి, ఆ వివరణ అర్థం చేసుకోవడానికి అందరికీ కొంత సమయం పట్టింది.

ఆ పొద్దున, డిగ్రీ చదివే కూతురు సహస్ర ఆ గ్లాసును తెచ్చి స్టాండులో పెట్టింది. జైపాల్ గారు అందులోనే నీళ్లు పోసుకుని, నోటిదాకా తెచ్చుకుని, సొట్ట చూసి ఆగిపోయారు.

"గోడ మీది గ్లాసు లోపలికెట్లొచ్చింది?"

"నడిచి రాలే డాడీ. నేనే తెచ్చిన."

"ఎందుకు?"

"బయట ఎండ గొడుతుంది. దానికి గూడ దూపయితది గదా."

"మమతా! నీ బిడ్డకు జెర చెప్పు."

"మీకు గూడ బిడ్డనే," అంది మమత, తాలింపు మాడకుండా చూసుకుంటూ. "పొద్దుగాల గ్లాసు మీద లొల్లేంది? ఇటియ్యండి."

గ్లాసు తీసుకెళ్లి గోడ మీద పెట్టి వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో తగువులన్నీ మమత ఇలాగే తీర్చింది. ఏ వస్తువు ఎక్కడ ఉండేదో అక్కడ పెట్టేస్తే సగం మంది ఊరుకుంటారు.

గొంతు ఎలాగూ పెరిగింది కాబట్టి, జైపాల్ గారు దాన్ని వృథా చేయకుండా ఒక ప్రకటనకు వాడుకున్నారు.

"ఇగ అసలు ముచ్చట ఇనుండ్రి. ఈ ఖనిల బానిసత్వాన్ని రద్దు జేస్తున్న."

జైపాల్ గారు గోదావరిఖనిలో కాంట్రాక్టు కార్మికుల సంఘం ఒకదానికి అధ్యక్షులు. ఆ సంఘంలో ఉపాధ్యక్షులు చాలామంది, కార్యదర్శులు ఇంకా చాలామంది ఉన్నారు. సభ్యులు కూడా కొంతమంది ఉన్నారు. పోయిన వారం హైదరాబాద్‌లో నాయకత్వ శిక్షణకు వెళ్లినప్పుడు, తెర మీద అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ బొమ్మ వేసి, ఒక్క ప్రకటనతో బానిసలను విడిపించిన మహానుభావుడని చెప్పారు. అప్పటి నుంచి జైపాల్ గారికి నిద్ర సరిగా లేదు.

"ఆయన అధ్యక్షుడు, నేను అధ్యక్షుణ్ణి. ఆయన కట్టెలు కొట్టిండు, మా నాయన గూడ కట్టెలు కొట్టిండు."

"మరి మీరు?" అంది సహస్ర.

"నేను మా నాయన కొడుకును. మధ్యల మాట్లాడకు. ఫిబ్రవరి పన్నెండు ఆయన జయంతి. ఆ రోజు చౌరస్తల మీటింగ్ పెడ్తున్న. కాయితం మీద డ్యూటీ ఒక కాడ, పని జేసేది లీడర్ల ఇండ్లల్ల, కాంట్రాక్టర్ల ఇండ్లల్ల. ఏంది ఇది? బానిసత్వం గాదా? విముక్తి ప్రకటన చేస్త. ఒక్క సంతకం!"

పెరట్లో బట్టలు పిండుతున్న చప్పుడు ఆగిపోయింది.

జైపాల్ గారు బయటికి వెళ్లాక సమ్మవ్వ గడప దగ్గరికి వచ్చింది. గడప దాటలేదు.

"అమ్మా, సారు చెప్పింది నిజమేనా?"

"సారు చెప్పిండు. నేను గూడ ఇన్న," అంది మమత. అంతకంటే హామీ ఇవ్వడం ఆమెకు చేతకాలేదు.

కాగితం మీద సమ్మవ్వ డ్యూటీ గోదావరి అవతల, నస్పూర్ దగ్గరి మొక్కల నర్సరీలో. కాంట్రాక్టు చక్రపాణి గారిది. నాలుగేళ్ల కింద, పనిలో చేరిన రోజే, 'అధ్యక్షులవారింట్లో కొన్నాళ్లు సాయంగా ఉండమ్మా' అని ఆయన ఇటు పంపించాడు. కొన్నాళ్లు ఇంకా కాలేదు. సమ్మవ్వ అక్క మల్లక్క ఆ నర్సరీలోనే మొక్కలకు నీళ్లు పోస్తుంది. మధ్యాహ్నం రెండింటికి అక్కడ వదిలేస్తారు. ఇక్కడ ఎప్పుడు వదులుతారో, ఆ రోజు వచ్చే చుట్టాలను బట్టి ఉంటుంది.

"రోజు హాజరుకు నా పేరు పిలుస్తరటమ్మా ఆడ," అంది సమ్మవ్వ. "మల్లక్క చెప్తది. సమ్మవ్వా అంటే సూపర్‌వైజరే 'ఉన్న' అంటడట. ఆడిమనిషి గొంతు గూడ పెట్టడట, సిగ్గులేనోడు. ఒక్కపారన్న నా పేరుకు నేను పలకాలె అమ్మా."

మమత ఈ సంగతి భర్తకు చాలాసార్లు చెప్పింది. 'ఆలోచిస్త' అన్నారాయన. జైపాల్ గారు తొందరపడి నిర్ణయాలు తీసుకునే మనిషి కాదు.

ఈసారి మాత్రం పనులు చకచకా సాగాయి. ఫ్లెక్సీ తయారైంది. ఒకవైపు లింకన్, ఒకవైపు జైపాల్ గారు, మధ్యలో తెగిన సంకెళ్లు. ఖనిలో నాయకుడి బొమ్మ అంటే నెత్తిన గని టోపీ, దానికి ముందు లైటు ఉండాలని ఫ్లెక్సీ కుర్రాళ్లకు అలవాటు. లింకన్ ఎత్తు టోపీకి కూడా అలవాటు ప్రకారం ఒక లైటు అమర్చారు. వెలుగు జైపాల్ గారి ముఖం మీద పడేలా తిప్పారు. జైపాల్ గారు చాలాసేపు చూసి, "టోపీ జెర పొట్టిగ జెయ్యుండ్రి. నా కంటె ఎత్తున్నడు," అన్నారు.

జయంతికి రెండు రోజుల ముందు కాంట్రాక్టరు చక్రపాణి గారు మిఠాయి డబ్బాతో వచ్చారు. వాళ్లది కోస్తా. వచ్చి ఇరవై ఏళ్లయినా మాటలో మర్యాద తగ్గలేదు.

"చరిత్రలో నిలిచిపోతారండీ అధ్యక్షులవారూ! ఇలాంటి ప్రకటన ఇంకొకళ్ల వల్ల అవుతుందేంటండీ? కాకపోతే చిన్న డౌటు. అదిగో, ఆ బట్టలారేస్తున్నావిడ మా నర్సరీ మనిషే కదండీ?"

జైపాల్ గారు పెరటివైపు చూశారు. సమ్మవ్వను ఆయన చూడటం అదే మొదటిసారి అన్నట్టు అనిపించింది మమతకు.

"మీ ఉపాధ్యక్షుల ఇళ్లల్లోనూ మావాళ్లేనండీ," అన్నారు చక్రపాణి గారు. "తమరు అందర్నీ ఒకేసారి విడిపించేశారనుకోండి, అంతమందీ నర్సరీకొచ్చి పడతారు. అంతమంది నీళ్లు పోయడానికి అక్కడ మొక్కలు లేవండీ."

ఆయన వెళ్లాక జైపాల్ గారు మంచం మీద కూర్చుని, భార్యను పిలిచారు. పెళ్లికి ముందు మమత బి.ఏ. హిస్టరీ. ఆ సంగతి ఇంట్లో అవసరమైనప్పుడు గుర్తొస్తుంది, పెద్ద పండగలకు తీసే ఇత్తడి గుండిగలాగా.

"ఆ అమెరికాయన, తన దిక్కున్నోళ్లను ఏం జేసిండు? వాళ్ల ఇండ్లల్ల గూడ ఉంటరు గదా బానిసలు?"

మమత చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. చదువుకున్నది సరిగ్గా చెప్పాలి, లేదా చెప్పకూడదు అనేది ఆమె పద్ధతి.

"ఆ ప్రకటన అందరికి వర్తించలే. ఆయన మీద తిరగబడ్డ రాష్ట్రాలల్ల బానిసలకే విముక్తి అన్నడు. ఆయన దిక్కు నిలబడ్డ రాష్ట్రాలు నాలుగుండె. వాటిని ముట్టలే."

"ఆగు. మల్ల చెప్పు."

"ఆయన దిక్కున్నోళ్లను ముట్టలే. యుద్ధమప్పుడు ఆయనకున్న అధికారం అంతే. కాని ఆయన అక్కడనే ఆగలే. తర్వాత రాజ్యాంగ సవరణ కోసం..."

జైపాల్ గారు అప్పటికే లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి.

"ఎంత గొప్ప మనిషి! ఊకెనే అధ్యక్షుడైండా?"

"సవరణ సంగతి ఇనుండ్రి..."

"తర్వాత ఇంట, తర్వాత!"

అరగంటలో ప్రకటన కొత్తగా తయారైంది. చుట్టుపక్కల నస్పూర్, జైపూర్, పెద్దపల్లిలో నివాసముండే కాంట్రాక్టు కార్మికులు ఎవరింట్లో వెట్టి చేస్తున్నా ఆ రోజు నుంచి విముక్తులు, వెంటనే వాళ్ల అసలు డ్యూటీకి పోవచ్చు. కింద అధ్యక్షుడి సంతకం, పక్కన చక్రపాణి గారి సంతకం. కబురంపగానే వచ్చి ఆయన ఎంతో సంతోషంగా చేశారు.

"ఆ ఊళ్లల్ల మన సంఘమే లేదు గదా?" అంది మమత.

"లేదు. గందుకే అడ్డం జెప్పెటోడు గూడ లేడు."

"మరి ఖని?"

"ఖని మన దిక్కున్నది. మనోళ్లను మనమే ఇబ్బంది పెడ్తమా? హిస్టరీ చదివినవ్, గీమాత్రం తెల్వదా?"

మమతకు ఆ రోజు కూర సరిగా కుదరలేదు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. సగమే వింటారని తెలిసిన మనిషికి ఏ సగం ముందు చెప్పాలో ఆలోచించుకోవాల్సింది.

పెరట్లోకి వెళ్లి సమ్మవ్వకు ఉన్నదున్నట్టు చెప్పింది. సమ్మవ్వ చాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని విన్నది.

"అంటె నస్పూర్ల ఉండెటోళ్లకు ఉన్నదన్నట్టు."

"ఆ. అక్కడ నివాసముండే వాళ్లకు."

"పని యాడ జేసినా?"

"యాడ జేసినా."

సమ్మవ్వ మిగిలిన చాయ్ నెమ్మదిగా తాగింది. "అమ్మా, రేపు రాను. మల్లక్క ఇంటికి పోతున్న. సామాను జెరంత సదురుకునేదున్నది."

మమత ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, సజ్జ మీది పాత ట్రంకుపెట్టె దించి, దుమ్ము తుడిచి తెచ్చి ఇచ్చింది. ఎందుకని ఆమె అడగలేదు. ఎందుకో సమ్మవ్వ చెప్పలేదు.

జయంతి రోజు చౌరస్తాలో కుర్చీలు నిండాయి. మొదటి షిఫ్టు దిగి వచ్చిన వాళ్లు కొందరు, బస్సు కోసం నిలబడ్డ వాళ్లు కొందరు, ఉపాధ్యక్షులు అందరూ. మమత, సహస్ర ముందు వరుసలో కూర్చున్నారు. జైపాల్ గారు ప్రకటన చదివారు. ప్రతి ఊరి పేరు దగ్గర ఆగి, చప్పట్లకు సమయం ఇచ్చారు. ఖనివాళ్లు పక్క ఊళ్ల విముక్తికి ఎంతో ఉదారంగా చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఒక విలేకరి లేచాడు. "సార్, విముక్తయిన కార్మికులతోని ఒక ఫొటో."

జైపాల్ గారు జనంలోకి చూశారు. "జైపూర్ నుంచి ఎవలన్న ఉన్నరా?"

ఎవరూ లేరు.

"పెద్దపల్లి?"

వెనక ఒకాయన చెయ్యెత్తాడు. ఆయనకు కిరాణా దుకాణం ఉంది. సరుకు కోసం వచ్చాడు. ఆయన్ను విడిపించడానికి వీలు చిక్కలేదు.

"నస్పూర్ నుంచి? ఒక్కలన్న?"

"నేనున్న సారూ."

మూల నుంచి సమ్మవ్వ నడిచి వచ్చింది. ఉతికి ఆరేసిన ఎర్ర చీర కట్టుకుంది. "మొన్నటి సంది నస్పూర్లనే ఉంటున్న. మా అక్క ఇంట్ల."

వేదిక మీద ముందుగా చప్పట్లు కొట్టినవారు చక్రపాణి గారు. ఎవరు ఏం మాట్లాడినా ముందు చప్పట్లు కొట్టడం ఆయన అలవాటు. సగంలో సంగతి అర్థమై ఆపబోయారు కానీ, అప్పటికే జనం అందుకున్నారు. జైపాల్ గారి చేతిలో దండ ఉంది. లింకన్‌కు వేయాల్సిన దండ. కెమెరాలు ఎదురుగా ఉన్నాయి. ఆయన సమ్మవ్వ మెడలో దండ వేశారు. అంత గంభీరంగా ఆయన ఫొటో ఎప్పుడూ పడలేదు.

"అమ్మా, ఇన్నేండ్లు ఎవలింట్ల పని చేసినవ్?" అని విలేకరి మైకు పెట్టాడు.

ముందు వరుసలో సహస్ర తన తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఒక పెద్దమనిషి ఇంట్ల," అంది సమ్మవ్వ.

"ఎవలా పెద్దమనిషి?"

సమ్మవ్వ జైపాల్ గారి వైపు చూసింది. జైపాల్ గారు ఫ్లెక్సీ వైపు చూశారు.

"పేరెందుకు బిడ్డా? ఇడిసిపెట్టిండు గద. గది చాలు."

మైకు వెంటనే జైపాల్ గారి చేతికి వచ్చింది. "ఇసొంటి పెద్దమనుషులు ఎంతటోళ్లయినా సరే, వదిలిపెట్టేదే లేదు!" అని గర్జించారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా బస్సు వదిలేసి చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున మమత ఫోను మోగింది.

"అమ్మా, నా పేరు పిలిచిండ్రు."

"పలికినవా?"

"పలికిన. అలవాటుకొద్ది సూపర్‌వైజరు గూడ పలికిండు. ఇద్దరం ఒక్కపారే 'ఉన్న' అన్నం. అందరు ఒకటే నవ్వుడు." సమ్మవ్వ గొంతు వెనక నీళ్లు పడుతున్న చప్పుడు, ఎవరో పిలుస్తున్న చప్పుడు. "పోతున్నమ్మా, మొక్కలెండుతున్నయ్."

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నిన్నటి నుంచి అంట్లు ఎవరూ తోమలేదు. మమత తోమలేక కాదు, ఎందుకో తోమబుద్ధి కాలేదు. జైపాల్ గారు పక్కన పేపరు పరుచుకున్నారు. ఫొటో మూడు కాలాల్లో వచ్చింది. రంగుల్లో. 'విముక్తి ప్రదాత' అని పైన పెద్దక్షరాలు.

"మమతా," అన్నారాయన, అన్నం కలుపుకుంటూ, "ఆ అమెరికాయన తర్వాత ఏదో సవరణ తెచ్చిండన్నవ్ గదా?"

పప్పు గరిటె గిన్నె మీదే ఆగింది. "తెచ్చిండు. అందరికి వర్తించేటట్టు..."

"నేను గూడ తెస్తున్న. పొద్దున్నే ఆలోచించి పెట్టిన."

సహస్ర తలెత్తి తండ్రిని చూసింది. మమత గరిటె కింద పెట్టింది.

"ఇగ మీద మనింట్ల పనికొచ్చే మనిషి నస్పూర్‌ది, జైపూర్‌ది, పెద్దపల్లిది ఉండద్దు," అన్నారు జైపాల్ గారు. "ఖనిదే ఉండాలె. గోదావరి అవతల అక్కలు, చెల్లెండ్లు గూడ ఉండద్దు. ఆధార్ కార్డు మంచిగ చూసి పంపుమని చక్రపాణి గారికి చెప్పిన. సోమవారం నుంచి ఒకామె వస్తది."

జైపాల్ గారు పేపరులో తన ముఖాన్ని కాస్త దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నారు.

"మమతా, నీళ్లు."

స్టాండు ఖాళీగా ఉంది. గ్లాసులన్నీ సింకులో ఉన్నాయి. మమత లేచి పెరట్లోకి వెళ్లింది. సమ్మవ్వ పోయేముందు కడిగి పెట్టిన గ్లాసు గోడ మీద ఎండలో మెరుస్తోంది. తెచ్చి, కుండలోంచి నీళ్లు నింపి, ఆయన కంచం పక్కన పెట్టింది.

సహస్ర సొట్ట చూసింది. తల్లిని చూసింది. తల వంచుకుని అన్నం తింది.

జైపాల్ గారు ఫొటో మీంచి చూపు తిప్పకుండా గ్లాసెత్తి, గుటగుటా చివరిదాకా తాగి, కింద పెట్టారు.

"సల్లగున్నయ్," అన్నారు. "ఇంకిన్ని పొయ్యి."