నానిన గింజలు

ఆ ఆదివారం ఉదయం తాళాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, మేడ మీది కుండీల్లో చిక్కుడు గింజలు పెట్టడం. అవి భార్య చేతి గింజలు. ఏటా ముదురు కాయలు ఎండబెట్టి, ఒలిచి, బిస్కెట్ల డబ్బాలో దాచేది. ఆవిడ పోయాక వచ్చిన మొదటి వానలివి. ఈ వానలకు పెట్టకపోతే ఆ విత్తనం ఆవిడతోనే పోయినట్టు.

టీ కప్పుతో వంటింట్లోకి వెళ్ళేసరికి డబ్బా బోర్లించి ఉంది. గింజలు గిన్నెడు నీళ్ళలో ఉబ్బి కూర్చున్నాయి.

“అమ్మాయ్, ఇవేంటి?”

“చిక్కుడు గింజలు మామయ్యా. కూరకని రాత్రే నానేశాను.”

ఊళ్ళో ఎవరి తాళమైనా తీసే మనిషి ఆ డబ్బాకు మాత్రం తాళం వేయలేదు. సంగతి తెలిసి కోడలి ముఖం పాలిపోయింది.

“అయ్యో, అత్తయ్యవా! మళ్ళీ ఆరబెడితే?”

“కుళ్ళిపోతాయి. ఈ పూటే మట్టిలో పడాలి. అన్నీ.”

“ఆయన్ని లేపనా?”

“వద్దు. రాత్రి డ్యూటీ చేసొచ్చాడు. పడుకోనీ.”

కుండీలన్నీ నిండినా గిన్నె తరగలేదు. బకెట్లు వచ్చాయి. స్నానాల మగ్గు వచ్చింది. కింది ఇంటి దర్జీ, మిషను సొరుగు ఊడదీసుకుని మెట్లెక్కింది.

“మా పిల్లలు అంకెలు నేర్చుకుంది పిన్ని గింజలతోనే బాబాయ్ గారూ. చెవిపోటొస్తే వాటినే వేయించి, మూటకట్టి కాపడం పెట్టేది. నేను ఊరుకుంటానా?”

వీళ్ళు మట్టి మోయడం చూసి, పైపు పగిలిందనుకున్న ఎదురింటాయన ప్లంబరును పిలిపించాడు. ప్లంబరు ఎవర్నీ అడక్కుండా మేడంతటికీ నీళ్ళు రాకుండా ఆపేసి, పగులు కోసం గోడలు తట్టడం మొదలుపెట్టాడు. ఇంకా గింజలు మిగిలాయి. కోడలు కుక్కరు తెచ్చి మామగారి ముందు పెట్టింది.

“తప్పు నాది, కుక్కరూ నాదే. పొయ్యండి మట్టి!”

గోడల మీది చప్పుడుకు కొడుకు లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని మేడ మీదికొచ్చాడు.

“నాన్నా, బకెట్ ఏది? నీళ్ళేవి?”

బకెట్ చూపించారు. కథంతా చెప్పారు. అతను మెట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అవి అమ్మవి కావు. నేను బజార్లో కొన్నవి.”

“ఏంటీ?”

“కొత్తగా ఇంట్లో దిగిన ప్రతివాళ్ళకీ అమ్మ గుప్పెడు గింజలిచ్చేది కదా. ఇప్పుడు నువ్వు తాళం బాగుచేసిన ప్రతి ఇంట్లోనూ ఇచ్చేస్తున్నావు. విత్తనం మిగలదని నేనే మార్చేశాను.”

“అందుకేనా నాకిచ్చినవి మొలవనే లేదు!” అంది దర్జీ.

కొడుకు కిందికి వెళ్ళి ముడివేసిన మేజోడు ఒకటి తెచ్చాడు. తాళాలాయన ముడి విప్పి, లోపలి గింజలను అరచేతిలో పోసుకున్నాడు.

“కుండీల్లోవి తీసేయనా మామయ్యా?”

“పెట్టినవాటిని తియ్యకమ్మా. ఆవిడ ఒప్పుకోదు.”

చుట్టూ చూశాడు. ఖాళీగా ఉన్నది ఒక్కటీ కనబడలేదు. పిట్టగోడ మీద పొద్దుటి టీ తాగకుండా చల్లారిపోయి ఉంది. దాన్ని ఒక్క గుక్కలో తాగేసి, కప్పు కోడలి ముందుకు చాపాడు.

“దీన్లో కొంచెం మట్టి వెయ్యి.”

ఆ పూట భోజనానికి బ్రెడ్డు తెప్పించుకున్నారు. కుక్కర్లో మాత్రం, కోడలు రాత్రి అనుకున్నట్టే, చిక్కుడు గింజలున్నాయి.